కట్టనివారూ, కట్టలేనివారూ: అమెరికా చైల్డ్ సపోర్ట్ బకాయిల వెనక ఏముంది?

అమెరికాలో పిల్లల పోషణ కోసం కోర్టులు కట్టమన్న చైల్డ్ సపోర్ట్‌లో వసూలు కాని బకాయిలు పది వేల కోట్ల డాలర్లు దాటి చాలా ఏళ్లయింది. ఈ అంకె వినగానే చాలామందికి తోచేది, చేతిలో డబ్బుండీ బిడ్డను గాలికొదిలేసిన తండ్రి. అలాంటివాళ్లు లేకపోలేదు. వాళ్ల విషయంలో చట్టం ఎంత గట్టిగా ఉన్నా తప్పు లేదు. కానీ అమెరికా పరిశోధనా సంస్థ అయిన అర్బన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2007లో తొమ్మిది పెద్ద రాష్ట్రాల లెక్కలు తీసినప్పుడు బయటపడింది వేరు. అక్కడి బకాయిల్లో 70 శాతం, ఏడాదికి పది వేల డాలర్లకు మించి ఆదాయం నమోదు కానివాళ్ల పేరునో, అసలు ఆదాయమే కనపడనివాళ్ల పేరునో ఉంది. వీళ్లలో కొందరు రోజుకూలి చేతికి తీసుకుంటూ లెక్కల్లోకి రానివాళ్లు కావచ్చు. అయినా ఆ బకాయిల్లో చాలా భాగం ఎప్పటికీ వసూలు కాని డబ్బు. రికార్డుల్లో అప్పుగా పెరుగుతూ ఉంటుంది, బిడ్డ పాలడబ్బాకు మాత్రం అక్కరకు రాదు.

ఈ అప్పు ఎలా పుడుతుందో చూస్తే, పేద తండ్రుల బాధ్యతారాహిత్యం కంటే ముందు మరొకటి కనిపిస్తుంది. వాళ్ల సంపాదనతో పొంతన లేని మొత్తాన్ని మొదటే నిర్ణయించడం, బతుకు తలకిందులైనప్పుడు దాన్ని సకాలంలో మార్చకపోవడం. (బిడ్డ తండ్రి దగ్గర ఉంటే కట్టాల్సింది తల్లి. కట్టేవాళ్లలో ఎక్కువమంది తండ్రులే కనుక ఈ వ్యాసంలో తండ్రి అనే అంటున్నాం.)

ఈ వ్యవస్థ 1975లో మొదలైంది. ఆ జనవరిలో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకం చేసిన చట్టంతో, చైల్డ్ సపోర్ట్ వసూలు కేంద్రమూ రాష్ట్రాలూ కలిసి నడిపే కార్యక్రమం అయింది. ఒంటరి తల్లులకు ఇచ్చే సంక్షేమ సాయం మీద పెడుతున్న ఖర్చును తండ్రుల దగ్గర రాబట్టుకోవాలన్నది అప్పటి ప్రధాన ఉద్దేశం. ఆ మొదటి ఉద్దేశం నీడ నేటికీ ఈ వ్యవస్థను వదల్లేదు. 1984లో యజమానే జీతంలోంచి కోసి పంపే పద్ధతి వచ్చింది. 1988లో మొత్తం ఎంతన్నది ప్రతి రాష్ట్రమూ ఒక పట్టిక ప్రకారమే లెక్కగట్టాలన్నారు. 1996 సంక్షేమ చట్టంతో దేశమంతటా కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల జాబితా తయారైంది, బకాయిదారుల డ్రైవింగ్ లైసెన్సులు ఆపే అధికారం వచ్చింది, పాస్‌పోర్టు నిరాకరణ వచ్చింది. ఇప్పుడు బకాయి 2,500 డాలర్లు దాటితే పాస్‌పోర్టు ఇవ్వరు.

నెలనెలా జీతం అందుకునేవాడి విషయంలో ఈ యంత్రాంగం చక్కగా పనిచేస్తుంది. మొత్తం వసూళ్లలో దాదాపు ముప్పాతిక భాగం యజమానులు జీతాల్లో కోసి పంపేదే. తండ్రి మనసు మార్చాల్సిన పని లేదు, తల్లి వెంటపడాల్సిన పని లేదు. చిక్కంతా జీతమే లేనివాడితో. ఇవాళ గోదాములో పని, వచ్చే నెల ఇంటిపట్టున, ఆ తర్వాత కొన్నాళ్లు ఇళ్ల కప్పులు వేసే పని. ఇలా బతికేవాడికి ఈ యంత్రాంగంలోని ప్రతి మరా ఒక అడ్డంకే అవుతుంది.

మొదటి అడ్డంకి మొత్తం నిర్ణయించే దగ్గరే ఎదురవుతుంది. సమన్లు పాత చిరునామాకు వెళ్తాయి, లేదా అందినా భయంతో అతను కోర్టుకు వెళ్లడు. ఎదుటివాడు రాలేదు కనుక కోర్టు ఒక ఊహాదాయం వేసుకుంటుంది. వారానికి నలభై గంటలు, గంటకు కనీస వేతనం చొప్పున సంపాదిస్తున్నాడనుకోవడం మామూలు. కేంద్ర కనీస వేతనం 2009 నుంచి 7.25 డాలర్లే. ఆ లెక్కన నెలకు సుమారు 1,256 డాలర్లు. వారానికి పాతిక గంటల పని దొరకడమే గగనమైనవాడికి అది లేని జీతం, లేని జీతం మీద వాటా. దీనికి తోడు కొన్నిచోట్ల బిడ్డ పుట్టిన నాటి నుంచీ లెక్కగట్టి పాత మొత్తాలూ కలుపుతారు. కొన్ని రాష్ట్రాల్లో ప్రసవం ఖర్చు కూడా చేరుతుంది. తొలి వాయిదా కట్టకముందే అతను బాకీపడ్డవాడు.

రెండో అడ్డంకి ఇంకా కఠినమైనది. న్యూజెర్సీ సెనేటర్ బిల్ బ్రాడ్లీ పేరుతో 1986లో వచ్చిన సవరణ ప్రకారం, ప్రతి వాయిదా గడువు దాటిన క్షణమే కోర్టు తీర్పుతో సమానమైన అప్పు అయిపోతుంది. దాన్ని వెనక్కి వెళ్లి తగ్గించే అధికారం ఏ జడ్జికీ లేదు. తగ్గింపు కోరుతూ పిటిషన్ వేసి, ఎదుటి పక్షానికి నోటీసు వెళ్లిన తేదీ నుంచే మార్పు సాధ్యం. ఒక ఉదాహరణ చూద్దాం. నెలకు 300 డాలర్లు కట్టాల్సినవాడికి జనవరిలో ఉద్యోగం పోయింది. రేపోమాపో మరొకటి దొరుకుతుందన్న ఆశతో తిరిగి తిరిగి సెప్టెంబరులో పిటిషన్ వేశాడు. మధ్యలోని ఎనిమిది నెలల 2,400 డాలర్లు అతని మెడకు చుట్టుకున్నట్టే. ఆ ఎనిమిది నెలలూ సంపాదన లేదని రుజువు చేసినా, జడ్జి నమ్మినా, చేయగలిగింది లేదు. ఆసుపత్రిలో పడి ఉన్నా ఇదే నియమం, చాలాచోట్ల జైల్లో ఉన్నా ఇదే.

ఈ సవరణకు కారణం లేకపోలేదు. అప్పట్లో ఏళ్ల తరబడి ఎగ్గొట్టి, చివర్లో కోర్టుకెక్కి, దయ తలచే జడ్జి దగ్గర బాకీ మాఫీ చేయించుకునే తండ్రులు ఉండేవారు. ఆ దారి మూయడం న్యాయమే. కానీ అదే దెబ్బ నోరులేనివాడి మీదా పడింది. వకీలున్న తండ్రి ఉద్యోగం పోయిన వారంలోనే పిటిషన్ వేస్తాడు. అలా వేయాలన్న సంగతే తెలియనివాడు, కట్టమన్న కోర్టు ఆర్డర్ దానంతటదే ఆగుతుందనుకుంటాడు. ఆర్డర్ ఆగదు.

ఆపైన వడ్డీ. కాలిఫోర్నియాలో బకాయిల మీద ఏడాదికి 10 శాతం చొప్పున చట్టప్రకారమే వడ్డీ పడుతుంది. పని దొరికితే కోత. వేరే కుటుంబాన్ని పోషించని వ్యక్తికి పన్నెండు వారాలకు పైబడిన బకాయిలుంటే, పన్నుల వంటి కోతలు పోను మిగిలే జీతంలో 65 శాతం దాకా తీసుకోవచ్చని కేంద్ర చట్టం అనుమతిస్తుంది. మిగిలిన 35 శాతంతో అద్దె, తిండి, పెట్రోలు గడవని మనిషి ఏం చేస్తాడు? జీతం రికార్డుల్లోకి ఎక్కని పనికి మళ్లుతాడు. అప్పుడు నమోదైన ఆదాయం సున్నా, బిడ్డకు చేరేదీ సున్నా. లైసెన్సు ఆపితే, బస్సులు అంతంతమాత్రమైన ఊళ్లలో పనికి వెళ్లే దారే మూసుకుపోతుంది. కట్టించడానికి పెట్టిన శిక్ష కట్టే శక్తినే తీసేయడం ఈ విధానంలోని అన్నిటికన్నా పెద్ద లోపం.

జైలు దగ్గరికి వచ్చేసరికి ఈ లోపం నగ్నంగా కనిపిస్తుంది. దక్షిణ కరోలినాలో మైకేల్ టర్నర్ అనే వ్యక్తికి ఫ్యామిలీ కోర్టు 2003లో వారానికి 51.73 డాలర్లు కట్టమంది. అతను పదేపదే తప్పాడు. ఐదుసార్లు కోర్టు ధిక్కారం కింద దోషిగా తేలాడు. ఐదోసారి ఆరు నెలల శిక్ష పూర్తిచేసి బయటికొచ్చాడు. 2008 జనవరిలో మళ్లీ కోర్టు ముందుకు వచ్చేసరికి బకాయి 5,728.76 డాలర్లు. మత్తుమందులకు అలవాటు పడ్డాననీ, తర్వాత వెన్ను విరిగి పని చేయలేకపోయాననీ చెప్పుకున్నాడు. అతనికి వకీలు లేడు. కట్టగలడా లేదా అన్న ప్రశ్నకు జవాబు రాయాల్సిన చోటు ఉత్తర్వు కాగితంలో ఖాళీగానే మిగిలింది. పన్నెండు నెలల శిక్ష వేశారు.

ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2011 జూన్‌లో ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు తీర్పిచ్చారు. ఎదుటి పక్షం తల్లికీ వకీలు లేనప్పుడు, ఇలాంటి సివిల్ ధిక్కార కేసుల్లో తండ్రికి ప్రభుత్వ ఖర్చుతో వకీలును పెట్టి తీరాలన్న నియమం లేదని మెజారిటీ తేల్చింది. అయితే టర్నర్ హక్కులకు భంగం కలిగిందనీ చెప్పింది. కట్టగలిగే శక్తే ఈ కేసులో కీలకమని ముందే తెలియజేయాలి. ఆదాయ వివరాలు రాబట్టే ఫారం ఇవ్వాలి. జవాబు చెప్పే అవకాశం ఇవ్వాలి. అతనికి కట్టే శక్తి ఉందని కోర్టు స్పష్టంగా నిర్ధారించాలి. ఇవేవీ చేయకుండా లోపల వేయడం రాజ్యాంగానికి విరుద్ధం. ధిక్కారం కింద నిర్బంధించడానికి ఉన్న ఒకే సమర్థన, తాళంచెవి అతని చేతిలోనే ఉందన్నది, అంటే కడితే బయటికి రావచ్చన్నది. డబ్బు లేనివాడి చేతిలో ఆ తాళంచెవి లేదు.

2015 ఏప్రిల్‌లో టర్నర్ ఉన్న దక్షిణ కరోలినాలోనే నార్త్ చార్ల్‌స్టన్‌లో వాల్టర్ స్కాట్ అనే నల్లజాతి వ్యక్తిని పోలీసు అధికారి వెనకనుంచి కాల్చి చంపాడు. కారు వెనక దీపం వెలగలేదని ఆపితే స్కాట్ పరుగెత్తాడు. చైల్డ్ సపోర్ట్ బకాయి మీద వారెంటు ఉంది కనుక మళ్లీ జైల్లో వేస్తారన్న భయంతోనే పరుగెత్తి ఉంటాడని కుటుంబం చెప్పింది. ఆ ప్రాణం తీసిన నేరం పోలీసుదే. కానీ బిడ్డ బాకీ ఒక మనిషిని పోలీసు నీడ చూస్తేనే పారిపోయేలా చేసిందన్న సంగతి దేశమంతా చర్చకు వచ్చింది.

ఈ బకాయిల్లో బిడ్డకు చెందని వాటా కూడా ఉంది. తల్లి నగదు సంక్షేమ సాయం తీసుకుంటే, ఆ కాలానికి రావాల్సిన చైల్డ్ సపోర్ట్ మీద హక్కును ఆమె రాష్ట్రానికి రాసివ్వాలి. తండ్రి కట్టిన డబ్బు ప్రభుత్వ ఖజానాకు పోతుంది. కొన్ని రాష్ట్రాలు నెలకు వందో, రెండు వందలో తల్లికి వదులుతాయి, కొన్ని అదీ ఇవ్వవు. ‘నేను కట్టినా నా బిడ్డకు చేరదట’ అని తెలిసిన తండ్రికి కట్టాలన్న ఉత్సాహం ఎక్కడినుంచి వస్తుంది? అందుకే చాలామంది లోపాయికారీగా తల్లి చేతిలో ఇరవయ్యో నలభయ్యో పెడతారు, డైపర్లు కొనిస్తారు. అదేదీ లెక్కలోకి రాదు. కొలరాడో 2017 ఏప్రిల్ నుంచి నెలవారీ మొత్తాన్ని పూర్తిగా కుటుంబానికే ఇస్తోంది. దేశంలో అలా చేసిన మొదటి రాష్ట్రం అదే. శాన్‌ఫ్రాన్సిస్కోలో అధికారులు 32 మంది తల్లిదండ్రుల పేరునున్న ప్రభుత్వ బాకీని దాతల డబ్బుతో తీర్చేసి చూశారు. ఆ భారం దిగాక వాళ్లు నెలనెలా కట్టడం మరింత క్రమంగా సాగింది, పిల్లలతో సంబంధాలూ మెరుగుపడ్డాయి. సంఖ్య చిన్నదే కనుక దీన్ని తిరుగులేని రుజువు అనలేం. కానీ ఎన్నటికీ రాని అప్పును పుస్తకాల్లో ఉంచుకుని ఖజానా బాగుపడేదేమీ లేదు.

మార్పు ఎక్కడ మొదలవ్వాలన్న దానికి 2016 డిసెంబరులో వచ్చిన కేంద్ర నిబంధన సరైన జవాబే చెప్పింది. మొత్తాన్ని తండ్రి అసలు సంపాదన, అతని పరిస్థితి చూసి నిర్ణయించాలి. అతను బతకడానికి కావలసిన కనీస మొత్తాన్ని పక్కన పెట్టాకే (దీన్నే ‘స్వీయపోషణ మినహాయింపు’ అంటారు) వాటా లెక్కగట్టాలి, లేదా అలాంటి మరో వెసులుబాటు ఉండాలి. జైలుకు వెళ్లడాన్ని ‘కావాలని ఉద్యోగం మానేయడం’గా చూడకూడదు. నూట ఎనభై రోజులకు మించి జైల్లో ఉండేవాడని తెలిస్తే, ఆర్డరును సమీక్షించమని అడిగే హక్కు ఉందని తల్లిదండ్రులిద్దరికీ తెలియజేయాలి.

తెలియజేయడం అంటే కవరులో కాగితం పెట్టి పంపడమేనా? టెక్సస్‌లో ఒక ప్రయోగం దీన్ని పరీక్షించింది. జైళ్లలో ఉన్న తండ్రులకు తగ్గింపు దరఖాస్తులు పంపితే నింపి పంపినవాళ్లు 28 శాతమే. ఉత్తరాన్ని సులువైన మాటల్లో తిరగరాసి, దరఖాస్తులో తెలిసిన వివరాలు ముందే నింపి, ముందుగా ఒక పోస్టుకార్డు కూడా పంపాక అది 39 శాతానికి పెరిగింది. ఖర్చు దాదాపు ఏమీ లేదు. ‘వాళ్లకే పట్టదు’ అని తీసిపారేసిన మనుషుల్లో ఎందరు ఫారం అర్థంకాకే ఆగిపోయారో ఈ తేడా చెబుతుంది.

ఉపాధి చూపించే కార్యక్రమాల మీద ఆశలు ఎక్కువ, ఫలితాలు కలగాపులగం. టెక్సస్ 2005లో ప్రారంభించిన కార్యక్రమంలో, బకాయిపడిన తండ్రికి జడ్జి ‘జైలుకు వెళ్తావా, ఉద్యోగ కేంద్రానికి వెళ్తావా’ అన్న దారి చూపిస్తాడు. కోర్టు గదిలోనే ఉద్యోగ కేంద్రం మనిషి ఉంటాడు. వెళ్లాడో లేదో కనిపెడతారు. ఇందులో చేరినవాళ్లు, అలాంటి స్థితిలోనే ఉన్న ఇతరుల కంటే 47 శాతం ఎక్కువసార్లు కట్టారనీ, నెలకు సగటున 57 డాలర్లు అదనంగా కట్టారనీ టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. ఇది విన్నవారెవరైనా దేశమంతా ఇదే పెట్టేద్దామంటారు. కానీ 2012 నుంచి ఎనిమిది రాష్ట్రాల్లో పది వేల మందికి పైగా తల్లిదండ్రులతో జరిపిన పెద్ద ప్రయోగంలో ఆ స్థాయి ఫలితం రాలేదు. ఆర్డర్ మొత్తాలు కొంత తగ్గి వాస్తవానికి దగ్గరయ్యాయి. పిల్లల బాధ్యత తమదన్న భావన బలపడింది. చైల్డ్ సపోర్ట్ ఆఫీసు మీద తండ్రుల అభిప్రాయం బాగా మెరుగుపడింది. చెల్లింపులు మాత్రం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు.

దీన్ని వైఫల్యంగా కొట్టేయడం తొందరపాటు. నేరచరిత్ర, ఆగిన చదువు, మత్తు వ్యసనం, ఇల్లు లేకపోవడం అన్నీ ఒకే మనిషిని చుట్టుముట్టి ఉన్నప్పుడు, రెజ్యూమే రాయడం నేర్పితే ఏడాదిలో జీతం పెరగదు. తొంభైలలో ఏడు నగరాల్లో జరిగిన ‘పేరెంట్స్ ఫెయిర్ షేర్’ అన్న ప్రయోగమూ ఇలాంటి పాఠమే చెప్పింది. ఆ కార్యక్రమంలో చేర్చుకోవడానికి ఒక్కో కేసూ తిరగేసినప్పుడు, ఉద్యోగం ఉండి దాచిన తండ్రులు బయటపడ్డారు. అంటే మనిషిని పిలిచి, కూర్చోబెట్టి మాట్లాడితే కట్టనివాడెవడో కట్టలేనివాడెవడో తేలిపోతుంది. ఆ ఒక్క పని చేయడానికి ఒక్కో ఉద్యోగి మీద వందల కేసులున్న ఆఫీసుకు తీరిక ఉండదు. 2024 డిసెంబరులో వచ్చిన నిబంధనతో, రాష్ట్రాలు కోరుకుంటే ఉపాధి సేవలకు కూడా చైల్డ్ సపోర్ట్ నిధుల్లో కేంద్రం వాటాను వాడుకోవచ్చు. అంతకుముందు ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చేది.

తల్లి సంగతి మరిచి ఈ చర్చ సాగితే అది మరో అన్యాయం. తండ్రికి తగ్గించిన ప్రతి డాలరూ తల్లి వంటింట్లో తగ్గేదే. ఆమె కూడా పేదరాలే, ఆమె అద్దెకు ‘స్వీయపోషణ మినహాయింపు’ ఎవరూ ఇవ్వరు. తండ్రి నిజంగా కట్టలేనప్పుడు ఆ లోటు ఎవరు పూడుస్తారన్న ప్రశ్నకు అమెరికా దగ్గర జవాబు లేదు. జర్మనీ ఇచ్చింది. అక్కడ తండ్రి కట్టకపోతే ప్రభుత్వమే ముందు బిడ్డకు ఒక నిర్ణీత మొత్తం ఇచ్చి, తర్వాత అతని దగ్గర వసూలు చేసుకోవడానికి చూస్తుంది. 2017 నుంచి, కొన్ని షరతులతో, పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఇస్తున్నారు. తండ్రి అశక్తత శిక్ష బిడ్డ మీద పడకుండా ఆపే మార్గం ఇదొక్కటే అనిపిస్తుంది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఇది పరాయి గోల కాదు. హెచ్‌1బి మీద ఉన్న తండ్రికి ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి మామూలుగా దొరికేది అరవై రోజులు. ఆ అరవై రోజుల్లో వీసా గురించి వకీలును కలుస్తారు కానీ, మంచి జీతం ఉన్నప్పుడు వేసిన చైల్డ్ సపోర్ట్ ఆర్డరును మార్చమని అడగాలని చాలామందికి తట్టదు. ఇండియాకు తిరిగొచ్చేసినా ఆ ఆర్డర్ అక్కడ నడుస్తూనే ఉంటుంది. పిల్లల పోషణ వసూలుపై 2007 నాటి హేగ్ ఒప్పందం అమెరికాకు 2017 నుంచి అమల్లో ఉంది. భారత్ అందులో లేదు. అక్కడి డిక్రీని నేరుగా అమలు చేసే దేశాల జాబితాలోనూ మన చట్టం అమెరికాను చేర్చలేదు. కనుక ఇక్కడికి వచ్చి కూర్చున్న తండ్రి దగ్గర వసూలు చేయడం అక్కడి తల్లికి చాలా కష్టం. ఇది తెలిసి ఎగ్గొట్టేవాళ్లను ‘కట్టలేనివారి’ పద్దులో వేయకూడదు.

ఇక్కడి మనోవర్తి కేసుల్లోనూ ఈ చిక్కులే ఉన్నాయి. ఇదివరకు నేర విచారణ స్మృతి సీఆర్‌పీసీ 125, 2024 జులై నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 144 కింద, కట్టని ప్రతి నెలకూ నెలరోజుల దాకా జైలు వేయొచ్చు. జైలుకెళ్లొచ్చినంత మాత్రాన బాకీ తీరిపోదని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. ఒళ్లు వంచగలిగినవాడు కూలి చేసైనా భార్యాబిడ్డల్ని పోషించాలని 2022లో మరోసారి చెప్పింది. అదే కోర్టు 2020 నవంబరులో రజ్నేశ్ వర్సెస్ నేహా కేసులో, భార్యాభర్తలిద్దరూ ఆస్తులూ అప్పులూ ఆదాయాల వివరాలతో అఫిడవిట్ ఇచ్చి తీరాలంది. దాచేవాడి ఆదాయం బయటికి లాగడానికి, లేనివాడి లేమిని కాగితం మీద పెట్టడానికి రెండింటికీ ఆ అఫిడవిట్ పనికొస్తుంది. పరిస్థితి మారితే మొత్తాన్ని మార్చమని అడిగే వీలు బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 146లో ఉంది. తాపీ పనివాడు గోడమీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి ఆ పిటిషన్ వేయించుకోవచ్చని అతనికి చెప్పే మనిషి ఫ్యామిలీ కోర్టు వరండాలో ఉండాలి. అతను పని చేయలేని నెలల్లో బిడ్డకు అన్నం ఎక్కడినుంచి వస్తుందన్నదానికి మాత్రం మన చట్టం దగ్గరా ఇంకా జవాబు లేదు.